సోమవారం కదలని బండి

“మళ్ళీ సోమవారమేనా సార్?” అంటూ ఎలక్ట్రీషియన్ ఏడు సీట్ల బండి బానెట్ ఎత్తాడు.

“ప్రతి సోమవారం చచ్చిన పాములా పడుంటోంది. రెండు బ్యాటరీలు మార్చావు. ఇవాళ తేల్చెయ్!” అన్నాడు యజమాని.

అతని తల్లి చేతిసంచితో గుమ్మంలో నిలబడి చూస్తోంది.

ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి, ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూశాడు.

“కరెంటు ఎక్కడా లీకవడం లేదు. ఇంజను వెయ్యకుండా, ఉత్త తాళం తిప్పి ఎవరో గంటలకొద్దీ ఇండికేటర్లూ వైపర్లూ ఆడిస్తున్నారు.”

“మా ఇంట్లో ఈ బండి నేను తప్ప ఎవరూ తియ్యరయ్యా.”

“మరి డ్రైవర్ సీటు చూడండి. స్టీరింగుకి అతుక్కుపోయి ఉంది. మీ కాళ్ళు పడతాయా?”

తల్లి గొంతు సవరించుకుంది. “ఆదివారాలు రాత్రి నువ్వు పడుకున్నాక కోడలు నాకు నేర్పుతోందిరా. ఇంజను వేస్తే ఆ చప్పుడుకి లేస్తావని...”

“ఈ వయసులో డ్రైవింగేమిటమ్మా? నాతో ఒక్కమాట చెప్పచ్చుగా!”

“పోయినేడాది చెప్పాను. పడీపడీ నవ్వావు.”



ఎలక్ట్రీషియన్ తన బ్యాటరీ నుంచి వైర్లు తగిలించి ఇంజను స్టార్ట్ చేశాడు. “ఆపకుండా అరగంట తిప్పుకురండి. చార్జ్ ఎక్కుతుంది.”

కొడుకు అలవాటుగా డ్రైవర్ సీటు వెనక్కి జరపబోయి ఆగాడు. అటువైపు తిరిగి వెళ్ళి, పక్క సీట్లో కూర్చున్నాడు.

“రా అమ్మా.”

ఆమె సంచిలోంచి ఎర్రటి ఎల్ బోర్డు తీసి ఎలక్ట్రీషియన్‌కి ఇచ్చింది. “వెనకాల అంటించు నాయనా.” తర్వాత ఎక్కి కూర్చుని, స్టీరింగు పట్టుకోగానే ఉలిక్కిపడింది.

“ఒరేయ్, ఇది వణుకుతోందేమిట్రా?”

“ఇంజను నడుస్తోందమ్మా,” అన్నాడు కొడుకు, బెల్టు బిగించుకుంటూ.