లలితమ్మ ఆడిన అబద్ధం

ఆ మనిషి ఇవాళ కూడా వచ్చాడు.

మొయిన్ కిటికీ పరదా వేలెడంత జరిపి చూశాడు. ఎదురింటి అరుగు మీద అలాగే కూర్చుని ఉన్నాడు. తెల్లగడ్డం, ఇస్త్రీ చేసిన కుర్తా, చంకలో నల్ల రెగ్జిన్ సంచి. సోమవారం నుంచి, ఈ మూడు రోజులూ ఇదే వరస. పొద్దున పదింటికి వచ్చి మెల్లగా తలుపు తట్టి చూస్తాడు. మధ్యాహ్నం నమాజుకు లేచి వెళ్తాడు. మళ్లీ వచ్చి కూర్చుంటాడు. అరవడు, తిట్టడు, తలుపు బాదడు. మొరిగే కుక్క కరవదంటారు, మరి మొరగని కుక్క సంగతి ఎవరైనా చెప్పారా?

పోయిన వారమే ఫైనాన్స్ కంపెనీ పిల్ల ఫోన్‌లో తేనె పూసినట్టు చెప్పింది.

"సార్, వచ్చే శుక్రవారంలోగా నాలుగున్నర లక్షలు కట్టకపోతే ఇల్లు వేలానికి పోతుంది. ఫోన్ ఎత్తకపోతే మా మనిషి ఇంటికొస్తారు."

మొయిన్ సిమ్ము పీకి మురుగు మోరీలో పారేశాడు. మనిషి రానే వచ్చాడు.

ఇల్లంటే ఎంత! మొఘల్‌పురా గల్లీలో రెండు గదులు, రేకుల వంటిల్లు. అబ్బా దస్తగీర్ నలభై ఏళ్లు పత్తర్‌గట్టిలో షేర్వానీలు కుట్టి కట్టుకున్నది. కొడుకు ఇంజనీరింగ్ కోసం ఆ కాగితాలే తాకట్టు పెట్టి అప్పు తెచ్చాడు. చదువైతే అయింది గానీ ఉద్యోగం రాలేదు.

నాలుగు నెలల కింద అబ్బా పోయాడు. జనాజా నమాజుకు ముందు, ఆచారం ప్రకారం, మొయిన్ వరుసల ఎదుట నిలబడి అడిగాడు.

"మా అబ్బా ఎవరికన్న బాకీ ఉంటే నా దగ్గరికి రండి. నేను తీరుస్త."

ఒక్కరూ రాలేదు. దస్తగీర్ ఎవరి ముందూ చేయి చాచి ఎరగడు, కొడుకు చదువుకు తప్ప.

దోస్తు ఫర్హాన్ ఐపీ పెట్టమన్నాడు. "దివాలా తీసిన అని కోర్టుల రాసిస్తే అయిపాయె భాయ్, లొల్లే ఉండది." వకీలును అడిగితే ముందు నలభై వేలు తెమ్మన్నాడు. అవే ఉంటే దివాలా దేనికి?

ఇక ఒకటే దారి కనపడింది. వెనక గోడ దూకి పక్కింటి పాల లలితమ్మ దగ్గరికి వెళ్లాడు.

"పెద్దమ్మా, వాడు అడిగితే మొయిన్ సచ్చిపోయిండని చెప్పు. నోటీసులు అటు తిరిగి ఇటు తిరిగి వచ్చేసరికి ఆరు నెలలన్న దొరుకుతయి. గప్పటిదాంక ఏదో ఒక నౌకరీ చూసుకుంట."

"థూ! గదేం మాటరా బిడ్డా! నా నోట్లకెళ్లి గసోంటిది ఎట్లొస్తది?"

"ఇల్లు పోతది పెద్దమ్మా. అబ్బా ఇల్లు."

లలితమ్మ పాలలో నీళ్లన్నా కలుపుతుందేమో గానీ నోట అబద్ధం రాదని గల్లీ మొత్తం ఒట్టేసి చెబుతుంది. కానీ తల్లి లేని ఈ పిల్లవాణ్ని చంకనేసుకుని పెంచింది ఆమే. కొంగుతో మొహం తుడుచుకుని వీధిలోకి నడిచింది. మొయిన్ మళ్లీ గోడ దూకి పరదా వెనక చేరాడు.

ఆమెను చూసి ముసలాయన లేచి నిలబడ్డాడు.

"అమ్మా, దస్తగీర్ భాయ్ కొడుకుతోని పని ఉండె. తలుపు తీస్తలేడు."

"ఇంకెక్కడి కొడుకయ్యా. జరమొచ్చి పోయిండు. ఐదు దినాలాయె."

"యా అల్లా! ఇంకెవరన్న ఉన్నరా? అక్కచెల్లెండ్లు, చిన్నాయనలు?"

"ఎవ్వరు లేరు. ఒక్కగానొక్కడు. ఆ ఇంట్ల దీపం ఆరిపాయె."

ముసలాయన అరుగు మీద కూలబడ్డాడు. సంచిని గుండెకు హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. కాసేపటికి లేచి, దస్తగీర్ ఇంటి గడపను చేత్తో తాకి వెళ్లిపోయాడు.

"చూసినవా పెద్దమ్మా, వాని కమీషన్ మునిగిందని ఎట్ల ఏడ్చిండో!" వెనక గోడ మీంచి మొయిన్ పడీపడీ నవ్వాడు. అబ్బా పోయాక అదే మొదటి నవ్వు.

లలితమ్మ నవ్వలేదు. "బతికున్నోణ్ని నోటితోని సంపిన. నాకెందుకో మనసు మంచిగ లేదు బిడ్డా."

చచ్చినవాడు గల్లీలో తిరగకూడదు కదా. ఆ సాయంత్రమే మొయిన్ రెండు జతల బట్టలు సర్దుకుని మలక్‌పేటలో ఫర్హాన్ గదికి చేరాడు. పగలంతా తలుపు గడియ తీయలేదు. మెట్ల మీద ఎవరి చెప్పులు చప్పుడు చేసినా ఊపిరి బిగబట్టాడు.

శుక్రవారం వచ్చింది. గడువుకు అదే ఆఖరి రోజు. జుమా నమాజు మానబుద్ధి కాలేదు. ఇక్కడ తననెవరు గుర్తుపడతారని ధైర్యం చెప్పుకుని, పక్క వీధి మసీదులో చివరి వరుసలో నిలబడ్డాడు.

నమాజు ముగించి తలెత్తేసరికి పైప్రాణాలు పైనే పోయాయి. మొదటి వరుసలో అదే తెల్లగడ్డం. సంచి మాత్రం లేదు.

ఇక్కడికీ వచ్చాడా! వాకిలి వైపు జరగబోయాడు. జనం ఒత్తుకుని కూర్చున్నారు, కాలు పెట్టే సందు లేదు. తల వంచుకుని, రుమాలు కళ్ల దాకా లాక్కున్నాడు.

ఇమాం సాబ్ ముసలాయన భుజం మీద చేయి వేసి మైకు అందుకున్నాడు.

"మన అన్వరుల్లా సాబ్, పదేండ్ల కింద దుకాణంల భాగస్తుడు దస్తగీర్ భాయ్ దగ్గర వాడుకున్న ఆరు లక్షలు మర్లిద్దామని మొఘల్‌పురా పోతే, ఒక్కగానొక్క వారసుడు మొయిన్ గుడ పోయిండని తెలిసి, ఆ తండ్రీకొడుకుల పేరు మీద ఆ పైకమంత నిన్ననే ఏడుగురు పిల్లల చదువు అప్పులకు కట్టేసిండు, అందరు వాళ్లకోసం దువా చెయ్యండి."