ఏడో గ్రీన్

ముసలాయన రబ్బరు చెప్పులతోనే ఏడో గ్రీన్ ఎక్కేశాడు.

బంతి గుంతలో పడే ఆ నున్నటి గడ్డి మీద సభ్యులు కూడా ఆచితూచి అడుగేస్తారు. ఈయన ఏకంగా గొడుగు మొనతో పడమటి అంచున నేలను పొడుస్తున్నాడు.

సియూ మిన్ బండి దిగి పరుగెత్తింది. బుకిట్ సిరే గోల్ఫ్ క్లబ్‌లో గడ్డీ నేలా అంతా ఆమె బాధ్యతే.

"అంకుల్, ఆగండి. లోపలికి ఎవరు రానిచ్చారు మిమ్మల్ని?"

"కంచెలో సందుంది. అది సరేగానీ, తూర్పున తవ్విస్తున్నావేంటమ్మాయ్? నీళ్ళు ఇటు పోవాలి. ఇక్కడ రెండు మూరలు తవ్వి చూడు."

"ఇది డగ్లస్ పెన్నరో గీసిన మైదానం అంకుల్. దేశదేశాల్లో గోల్ఫ్ మైదానాలు కట్టిన ఆర్కిటెక్ట్. ఆయనకన్నా మీకెక్కువ తెలుసా?"

"ఎక్కువేం కాదులే. ఇక్కడి మటుకు తెలుసు."

మేస్త్రీ హలీం నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఇంకేం మేడం, రేపట్నుంచి మీ కుర్చీ అంకుల్‌దే."

గేటు కాపలా మణియం వచ్చి, ముసలాయన్ని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళాడు.

సియూ మిన్‌కి మాత్రం నవ్వొచ్చే పరిస్థితి లేదు. ఛాంపియన్‌షిప్ పోటీకి మైదానం పనికొస్తుందో లేదో చూడ్డానికి ఇంకో రెండు వారాల్లో మనుషులొస్తున్నారు. చినుకు పడితే చాలు, ఏడో గ్రీన్ చెరువైపోతోంది. అది బాగుపడకపోతే పోటీ వేరే క్లబ్‌కి పోతుంది. పోటీతోపాటు నీ ఉద్యోగం కూడా అని కార్యదర్శి మొహం మీదే చెప్పేశాడు.

మైదానం అసలు పటాలు క్లబ్‌లో లేవు. పెన్నరో కాలం చేసి ముప్పై ఏళ్ళు. మెల్‌బోర్న్‌లో ఉన్న ఆయన కూతురికి మెయిల్ పెట్టి, జవాబు కోసం పూటకోసారి ఫోన్ తెరిచి చూస్తోంది.

రెండు రోజులకి ముసలాయన మళ్ళీ వచ్చాడు. మణియం మళ్ళీ పంపేశాడు.

మూడోసారి ఆమెకి ఓపిక నశించింది.

"ఇంకోసారి వస్తే పోలీసులకి చెప్తాను అంకుల్. నా తిప్పలు మీకు తెలీదు."

"నీ మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. అందుకేగా వస్తున్నా."

"మీకు దణ్ణం పెడతాను, వెళ్ళండి."

"సరే, ఇక రానులే. పడమట, మర్చిపోకు."

అన్నట్టే మళ్ళీ రాలేదు.

తూర్పు కాలవల పని పూర్తయిన సాయంత్రమే కుండపోత వాన. తెల్లారి చూస్తే గ్రీన్ మీద చీలమండల లోతు నీళ్ళు. వచ్చేవాళ్ళు రావడానికి ఇంక మూడు రోజులే ఉంది.

హలీం గొంతు సవరించుకున్నాడు. "తిట్టనంటే ఓ మాట మేడం. ఆ అంకుల్ పొడిచిన చోట..."

"నువ్వూ మొదలెట్టావా?"

"ఇంతకన్నా చెడిపోవడానికి ఇంకేముంది మేడం?"

అదీ నిజమే. తవ్వమంది.

రెండు మూరల లోతున పారకి ఇటుక తగిలింది. పాత కాలవ. లోపలంతా వేళ్ళు అల్లుకుని పూడిపోయింది. మధ్యాహ్నానికల్లా శుభ్రం చేశారు. గుడగుడమంటూ నీళ్ళు లోపలికి దిగిపోయాయి. సాయంత్రానికి గ్రీన్ మీద చుక్క తడి లేదు.

చూడాల్సినవాళ్ళు వచ్చారు. బూటు కాలితో అక్కడక్కడా నొక్కి చూసి, సంతకం పెట్టి వెళ్ళారు. పోటీ నిలిచింది, ఉద్యోగమూ నిలిచింది.

ఆ సంతోషం కాసేపే. ఆ తర్వాత సియూ మిన్‌కి సిగ్గేసింది. తాతంత మనిషిని పోలీసులని బెదిరించింది. ఆయన్ని పిలిచి క్షమించమని అడగాలి. పోటీ మొదటిరోజు ముందు వరసలో కూర్చోబెట్టాలి.

"మణియం, ఆయన పేరేంటి?"

మణియం గేటు పుస్తకం తిరగేశాడు. మూడు తేదీల్లోనూ ఒకటే మాట: 'అంకుల్ ఒకరు వచ్చారు, పంపేశాం.'

"పేరు అడగలేదా?"

"మీరడిగారా మేడం?"

తనూ అడగలేదు. ఆ ఊళ్ళో తల నెరిసిన ప్రతి మగాడూ అంకులే. పేరుతో ఎవరికీ పని పడదు.

రెండు స్టాపుల అవతల కాఫీ కొట్లో ఆయన్ని చూసినట్టు గుర్తని మణియం చెప్పాడు. మర్నాడే వెళ్ళింది. ఆనవాళ్ళు చెప్పగానే కొట్టావిడ గ్లాసులు కడగడం ఆపేసింది.

"టే కియాట్ సెంగ్ అంకులా? పోయిన మంగళవారం చనిపోయాడమ్మా. నిద్రలోనే. మా బిల్డింగు కిందే పందిరి వేసి, మా ఆచారం ప్రకారం ఐదు రోజులుంచారు. నిన్ననే దహనం. మీరు చుట్టాలా?"

"కాదు." సియూ మిన్ స్టూలు లాక్కుని కూర్చుంది. "ఆయన గోల్ఫ్ క్లబ్‌లో ఏమైనా పనిచేశారా?"

"భలేవారే. ఆయన జన్మలో ఆ కర్ర ముట్టుకోలేదు. ముప్పై ఏళ్ళు సిటీ బస్సు తోలాడు."

బస్సు తోలే మనిషికి ఆ కాలవ సంగతి ఎలా తెలిసిందో ఆమెకి అంతుపట్టలేదు.

ఆఫీసుకి వచ్చేసరికి మెల్‌బోర్న్ నుంచి పటాలు వచ్చి ఉన్నాయి. గ్రీన్‌కి ఒకటి చొప్పున మొత్తం పద్దెనిమిది. పదిహేడింటి నిండా గీతలూ కొలతలూ. ఏడోదాని మీద మాత్రం ఒక ఖాళీ సున్నా, కింద పెన్నరో చేతిరాత.

'ఏడో గ్రీన్ నేను గీసింది కాదు. ఇక్కడ బాతులు పెంచుకునే టే కియాట్ సెంగ్, మా బుల్డోజర్ తన ఇల్లు కూల్చడానికి వాకిట్లో ఆగి ఉండగానే, ఈ నేలలో నీళ్ళు పోయే దారంతా నాకు నడిచి చూపించాడు, అతను కట్టుకున్న కాలవ మీద నేను గడ్డి పరిచానంతే.'