గీత లేని చుక్క

"ముప్ఫై ఒక్క చుక్కలు సార్. ఒక్కదానికి మాత్రం గీత లేదు," అంటూ అరుణజ్యోతి చార్టును బల్ల మీద పరిచింది.

మేనేజరు నాగేశ్వర కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఏందమ్మా ఇది, ముగ్గు మాదిరి ఉండాది?"

"మన జీన్స్ యూనిట్టే సార్! ఒక్కో చుక్క ఒక్కో టైలరు. అన్నం తినేటప్పుడు ఎవరు ఎవరితో మాట్లాడితే వాళ్ళ మధ్య గీత. ఇదిగో, ఈ చుక్క గంగక్క. జేబులు కుట్టే చివరి మిషన్. రెండు రోజులుగా చూస్తున్నా, ఆమెతో ఎవరూ మాట్లాడరు."

"గంగక్కతోనా?"

టీ తెచ్చిన లక్ష్మీదేవమ్మ గ్లాసును ఠక్కున బల్ల మీద పెట్టింది. నాగేశ్వర ఉలిక్కిపడి టీ అందుకున్నాడు.

"సరే, మరి నీ చుక్క యాడ?"

"నేను బయటి మనిషిని సార్. లెక్కలోకి రాను."

"ఏమో తల్లీ. నూటికి ఇరవై ప్యాంట్లు రిపేరుకు వస్తాండాయి. నెలాఖరుకు తగ్గల్ల. లేదంటే మీ హైదరాబాదోళ్ళు నిన్ను ఎనక్కి పిలుస్తారు."

"తగ్గుతాయి సార్! కాంప్లెక్సిటీ థియరీ చెప్పేది అదే. పైనుంచి ఆర్డరు వేస్తే గుంపు మారదు. ఎక్కడో ఇద్దరి మధ్య కొత్త గీత ఒకటి పడాలి. అది ఇంకోదాన్ని లాగుతుంది. మనిషైనా అంతే, శపథాలు పట్టి మారడు. చిన్నది ఒకటి మారితే చాలు."

ఇంత ధీమాగా చెప్పిందే కానీ, రాజీనామా ఉత్తరం అప్పటికే ఆమె ఫోనులో రాసి పెట్టి ఉంది. పంపడమే తరువాయి.

హైదరాబాదు కన్సల్టెన్సీ తరఫున రాయదుర్గం వచ్చి పది రోజులు. అద్దె గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. రోజంతా "గుడ్ మార్నింగ్", "ఓకే సార్" తప్ప నోట మాట లేదు. మొదటి వారమంతా ఆఫీసు గాజు గదిలోంచి బయటికే రాలేదు. గాజు నిండా చార్టులు అంటించేసుకుని, మధ్యాహ్నం గోడకేసి తిరిగి బిస్కెట్లు తినేది. శనివారం టీ ఇవ్వడానికి వచ్చిన లక్ష్మీదేవమ్మ ఆమె ఎర్రబడిన కళ్ళను చూసింది. గ్లాసు పెట్టి వెళ్ళిపోయింది.

సోమవారం, ఇక ఏదో ఒకటి చేయాలని నోటుపుస్తకం పట్టుకుని బయటికి వచ్చింది. అప్పుడు కనిపించింది గంగక్క. జీన్స్ బట్ట కట్టల వెనక, అందరికీ వీపు పెట్టి, ఒక్కతే. ఆ కూర్చోవడం అరుణజ్యోతికి బాగా తెలుసు.

బుధవారం చార్టు చూపించి వచ్చాక, బిస్కెట్ల పొట్లంతో నేరుగా అక్కడికే వెళ్ళింది.

"ఇక్కడ కూర్చోవచ్చా అక్కా?"

"కూర్చో మేడం. నేల నీదీ కాదు, నాదీ కాదు."

క్యారియరులో రెండు పెద్ద రాగి సంగటి ముద్దలు, చెనిక్కాయల పచ్చడి.

"మీ ఒక్కరికి రెండు ముద్దలా?"

"నాకు కొలత తెల్దు మేడం. ఒకటి నువ్వు తిను. ఆ బిస్కెట్లు పిల్లోళ్ళకియ్యి."

దూరంగా గుంపులో మాటలు ఆగిపోయాయి. అటు చూడగానే అందరూ ముఖాలు తిప్పుకున్నారు. ఎంత కఠినులు, అనుకుంది అరుణజ్యోతి.

రోజూ అక్కడే తినడం మొదలైంది. పెళ్ళికి ముందు ఉరవకొండ దగ్గర గొర్రెలు కాసేదట గంగక్క.

"మందకు దారి ఎవరు చూపిస్తారక్కా? ముందున్న గొర్రెనా?"

"ఎవురూ చూపించరు. ప్రతిదీ పక్కదాన్ని చూస్తాది. అంతే."

"ఇదే అక్కా! ఇదే కాంప్లెక్సిటీ థియరీ!"

"ఏమోమ్మా. మేము గొర్రెలంటాము."

చాలా రోజుల తర్వాత అరుణజ్యోతి పకపకా నవ్వింది. నవ్వు ఆగాక, జాగ్రత్తగా అడిగింది. "మరి... మందలో కలవని గొర్రె ఉంటే?"

గంగక్క వేలికంటిన పచ్చడి నాకింది. "తరిమితే ఇంకా దూరం పోతాది. పిలిస్తే బెదురుతాది. మందలోంచి సాధువైన దాన్ని ఒకదాన్ని తోలుకపోయి దాని పక్కన మేపల్ల. రెండూ మేసుకుంటా మేసుకుంటా అవే వచ్చేస్తాయి."

అరుణజ్యోతి ఆ మాట నోటుపుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు కొట్టింది. ఆ సాధు గొర్రె నేనే కావాలి, అనుకుంది.

మరుసటి సోమవారం ధైర్యం చేసింది. "పదక్కా, ఈ రోజు వాళ్ళ దగ్గర తిందాం."

"నాకు బెదురు మేడం. నువ్వు ముందు నడిస్తే వస్తా."

అరుణజ్యోతి ముందు నడిచింది. ప్యాంటు నడుముకు బెల్టు కుట్టే జయంతి పక్కకు జరిగి చోటిచ్చింది. "రా మేడం! సంగటి సల్లారిపోతాంది, ఇంతసేపా?"

ఆ మధ్యాహ్నమే అరుణజ్యోతి అడిగింది, ప్యాంట్లు ఎందుకు రిపేరుకు వస్తున్నాయని.

"ఇన్నాళ్ళకు ఒకరు అడిగిరి!" అంది జయంతి. "జేబు పైన వేలెడు బట్ట వదలమంటే కటింగ్ మాస్టరు వినడు. అందుకే నా బెల్టు కుట్టు ఊడిపోతాంది."

అరుణజ్యోతి మాస్టరు దగ్గరికి వెళ్ళి మాట్లాడింది. బట్ట మీద ఒక్క సుద్ద గీత పడింది. నెలాఖరుకు రిపేర్లు ఇరవై నుంచి ఎనిమిదికి దిగాయి.

ఫోనులోని ఉత్తరం తీసేసి, ఉత్సాహంగా రిపోర్టు రాయడానికి కూర్చుంది. గుంపు మధ్యలో నవ్వుతున్న గంగక్క ఫొటో ఒకటి సిద్ధంగా ఉంది. దాని పక్కన పెట్టడానికి పాత ఫొటో కావాలి. సూపర్వైజరు మారుతిని పిలిచింది.

"నేను రాకముందు, మధ్యాహ్నం భోజనాల దగ్గర తీసిన ఫొటో ఏదైనా ఉందా అన్నా?"

"ఉండాది మేడం. నువ్వు వచ్చే ముందురోజుది. జయంతి పుట్టినరోజు."

అతను ఫోను ఆమె చేతికిచ్చాడు. ఆడవాళ్ళంతా గుండ్రంగా కూర్చుని పగలబడి నవ్వుతున్నారు. అరుణజ్యోతి కట్టల వెనక మూల కోసం వెతికింది. అక్కడ ఎవరూ లేరు. వేళ్ళతో ఫొటోను పెద్దది చేసింది.

అందరి నడుమ కూర్చుని, ఒక్కొక్కరికీ ముద్ద పెడుతున్నది గంగక్క.