పేరు లేని అర్జీ

"చర్చికి పోతవా, పోవా? ఒక్క ముక్కల చెప్పమ్మా" అన్నాడు విచారణకొచ్చిన రెవెన్యూ ఆర్‌ఐ.

సుమన నోరు తెరవకముందే తండ్రి మాసయ్య అందుకున్నాడు. "పోదు సారూ. మా ఇంటా వంటా లేదు."

సుమనకు సర్కారు దవాఖానలో నర్సు ఉద్యోగం వచ్చింది, ఎస్సీ కోటాలో. సోమవారం కుల సర్టిఫికెట్ చూపించాలి. ఇంతలో ఆత్మకూరు తహసీల్దారు ఆఫీసుకు ఒక అర్జీ చేరింది. ఈ పిల్ల బాప్తిస్మం తీసుకుంది, క్రైస్తవురాలికి ఎస్సీ సర్టిఫికెట్ ఎట్లా ఇస్తారని అడిగింది ఆ అర్జీ. కింద పేరు లేదు.

"ఇగో, పచ్చ సిరా" ఆర్‌ఐ కాగితం ఊపాడు. "మా తహసీల్దార్ సారు రాసే సిరా. ఎవడో గెజిటెడ్ ఆఫీసర్ లెక్క రాసిండు. ఇది రాకుంటే నేను గింత దూరం వస్తుంటినా? ఎవరన్న అడుగుతుండెనా? ఎప్పుడో సంతకమై పోతుండె."

వాకిట్లో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. అవి చోటే మియా దుకాణంలోవి. ఊళ్లో జిరాక్సులు తీసేది, చదువు రానివాళ్లకు అర్జీలు రాసిపెట్టేది ఆ ముసలాయనే. సాక్షిగా ఒక కుర్చీలో ఆయన కూర్చున్నాడు. ఇంకో కుర్చీలో రాఘవేందర్, ముప్పై ఎకరాల ఆసామి.

"రాస్కోండ్రి సారూ" అన్నాడు రాఘవేందర్. "ఈ పిల్ల ఏటా జములమ్మ జాతరకొస్తది. బోనమెత్తుతది. నా కండ్లతోని చూసిన."

రాఘవేందర్ మంచివాడు. అడగకుండానే అబద్ధం చెప్పాడు. ఊరంతా అట్లాంటి మంచివాళ్లే. చర్చికి పోతే నవ్వుతారు. పోలేదని చెప్పాల్సి వస్తే సాక్ష్యానికి వస్తారు.

ఆర్‌ఐ గోడవైపు చూశాడు. జములమ్మ ఫొటో, దానికి తాజా బంతిపూల దండ. "ఫొటో కొత్తగున్నదే?"

"కొత్తదేంది సారూ, మా అవ్వ నాటిది" అన్నాడు రాఘవేందర్.

"మీ అవ్వనా?"

రాఘవేందర్ దగ్గాడు. "అంటే... వీళ్లవ్వ."

గడపలో నిలబడ్డ సుమన తల్లి చిన్నమ్మ తల వంచుకుంది. చర్చి వాళ్లిచ్చిన క్యాలెండరును పొద్దున్నే గోడకు మొహం తిప్పింది ఆమే. బైబిల్‌ను బొంతల కింద పెట్టింది ఆమే. మాసయ్య ప్రతి ఆదివారం చర్చిలో డోలక్ వాయిస్తాడు. ఆ సంగతి ఆర్‌ఐ అడగలేదు, ఆయన చెప్పలేదు.

మాసయ్య కోపమంతా చోటే మియా మీదకు తిరిగింది. "ఊర్ల అర్జీలు రాసేటోనివి నువ్వొక్కనివే. నా బిడ్డ బాగుపడుతుంటే నీ కండ్లు మండినయా?"

"నా రాత గింత సక్కగుంటదా మాసయ్యా? నేను రాసింది నాకే సమజ్ కాదు."

"మరెవరు రాసిండ్రు?"

ముసలాయన టోపీ సర్దుకున్నాడు. "నేనైతే రాయలే."

ఎవరూ నమ్మలేదు. "ఇయ్యాల్టి సంది నీ దుకాణం గడప తొక్క" అన్నాడు మాసయ్య. చోటే మియా చాయ్ తాగుతూ ఆ మాట కూడా మింగాడు.

ఆర్‌ఐ చకచకా రాసి కాగితం ముందుకు జరిపాడు. "చర్చికి పోను, హిందువును అని రాసిన. సంతకం పెట్టమ్మా. అందరూ పెడుతున్నరు."

సుమన మొత్తం చదివింది. "ఇది తప్పు సార్. నేను పోత."

"ఏడికి?"

"చర్చికి. ఆదివారం ఆదివారం. బాప్తిస్మం తీస్కున్న. మళ్ల రాయండ్రి."

మాసయ్య నేలమీద కూలబడ్డాడు. "ఎంత పని చేస్తివే!"

"దరఖాస్తుల ఎస్సీ అని పెట్టకు నాయినా అని మూడుసార్లు చెప్పిన. నువ్వే పెట్టినవ్."

"దేవుడు మనసుల ఉంటే చాలదా? కాగితం మీద గూడ ఉండాల్నా?"

"కాగితం మీద లేడని సంతకం పెట్టినంక మనసుల ఎట్లుంటడు నాయినా?"

ఆర్‌ఐ గొంతు తగ్గించాడు. "జర సోచాయించుకో. క్రైస్తవురాలినంటే ఎస్సీల ఉండవ్, బీసీ-సి కిందికి పోతవ్. ఆ కోటాల నీ మార్కులకు నౌకరీ రాదు."

"తెల్సు సార్. వనపర్తిల ప్రైవేటు దవాఖానల చేస్తున్న కద. సూది ఏపిచ్చుకునేటోళ్లు ఇంతవరకు నా కులం సర్టిఫికెట్ అడగలే."

ఆమె లోపలికి పోయింది. బొంతల కింది నుంచి బైబిల్ తెచ్చుకుంది. క్యాలెండర్ మొహం ఇటు తిప్పింది. పెన్ను కోసం బైబిల్ అట్టలో వెతికింది, లేదు. ఆర్‌ఐ పెన్నుతోనే, ఆయన కొత్తగా రాసిన కాగితం మీద సంతకం పెట్టింది.

ఆర్‌ఐ బండెక్కాడు. రాఘవేందర్ గోడమీది ఫొటో తీసి చంకలో పెట్టుకున్నాడు. "పిచ్చి పిల్ల" అని పోయాడు.

మాసయ్య అన్నం ముట్టలేదు. సుమన మాత్రం రెండు జొన్నరొట్టెలు పల్లి తొక్కుతో తిన్నది. ఈ నెలలో అంత ఆకలి వేయడం ఆమెకు అదే మొదలు. తిని, కుర్చీలు పట్టుకుని చోటే మియా దుకాణానికి పోయింది.

"నాయిన మాటలు మనసుల పెట్టుకోకు చాచా. ఉత్త పుణ్యానికి బద్నామైతివి."

"ఈ వయసుల ఒక బద్నాం ఎక్కువైతే ఏమైతది బేటీ?" ముసలాయన సొరుగు లాగి, పచ్చ మూత పెన్ను ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇగో. ఆ దినం గీడ కూసోని అర్జీ రాసి, పెన్ను బల్ల మీదనే మరిచిపోయినవ్."