మోచేతి పైకి

“ఈసారి జాకెట్టు చేతులు మోచేతి పైకే పెట్టక్కా,” అంది తల్లి, చెయ్యి చాపుతూ.

టేపు పట్టుకున్న టైలరక్క ఆగిపోయింది. ఈవిడకి ఇన్నేళ్లూ మణికట్టు దాకానే కుట్టింది. ఎర్రటి మచ్చలతో పొట్టు రాలే ఆ మోచెయ్యి ఇప్పుడు నున్నగా ఉంది.

“సోరియాసిస్‌కి కొత్త ఇంజెక్షన్ వచ్చిందిగా. పూర్తిగా పోలేదనుకో, అణిగింది. ఎన్ని ఆయింట్‌మెంట్లు పూశాను, ఎంతమంది చుట్టూ తిరిగాను! విసుగొచ్చి ఆశే వదిలేశా.” తల్లి నవ్వింది గానీ గొంతులో అలసట పోలేదు. “మా పిల్లకీ ఇలాగే కుట్టు. నాకు తోడని మండుటెండల్లో కూడా పొడుగు చేతులే వేసుకుంది, పిచ్చిది.”

“నాకు పొడుగువే ఉండనీ,” అంది పక్కనే నిలబడ్డ కూతురు.

“ఇంకా ఎందుకే?”

తల్లి ఆ పిల్ల చొక్కా చెయ్యి పైకి లాగింది. మోచేతి మీద అదే ఎరుపు, అదే పొట్టు.

“ఎప్పట్నించి?”

“చాలా రోజులైంది.”

“నాతో చెప్పొద్దూ?”

“అప్పుడు మందు లేదు కదమ్మా. నీ వల్లే వచ్చిందని కూర్చుని ఏడ్చేదానివి.”

తల్లి స్టూలు మీద కూలబడింది. కూతురు చొక్కా చెయ్యి దించబోతే పట్టుకుని ఆపింది.

“దించకు. అక్కా, దీనికీ పొట్టివే. నువ్వు కుట్టేలోగా మేం డాక్టరు దగ్గరికెళ్లొస్తాం.”

టైలరక్క ఆ మచ్చల మీద టేపు చుట్టబోయి తటపటాయించింది. “నొప్పి పెడుతుందా అమ్మడూ?”

“నొప్పి కాదు, దురద,” అన్నారు తల్లీకూతుళ్లు ఒక్కసారే.