చప్పటి మందు

"మళ్లీ తాగినావా?" అని అడిగాడు డాక్టర్ గోపాలస్వామి.

గంగులయ్య తల వంచుకున్నాడు. కండువా నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు దగ్గాడు. పక్కనున్న భార్య చెంగమ్మ వైపు చూశాడు. మదనపల్లెలో ఈ డాక్టర్ దగ్గరికి వాళ్లు రావడం ఇది మూడోసారి.

"తాగినా సార్. అబద్ధం యాల చెప్పాల? దినానికి రెండు కట్టలు."

తంబళ్లపల్లె పక్క పల్లెలో గొర్రెలు మేపుకునే మనిషి. నలభై ఏళ్ల బీడీ. రెండు నెలల కిందట ఎక్స్‌రే చూసి డాక్టర్ దాపరికం లేకుండా చెప్పేశాడు. బీడీ మానకపోతే ఇంకో ఏడాదికి మంచం మీద కూర్చున్నా ఊపిరి అందదు. అప్పుడప్పుడే ఈ వైపు మందుల షాపుల్లోకి వస్తున్న బిళ్లలు రాసిచ్చాడు. అవి చూయింగ్ గమ్ లాంటివి, బీడీలో ఉండే నికోటినే కొద్దిగా కలిపినవి. బీడీ మీదికి మనసు పోయినప్పుడల్లా ఒకటి మెల్లగా నమలాలి. నమిలేకొద్దీ మందు ఊరుతుంది. ఘాటు తగలగానే బుగ్గన పెట్టుకోవాలి. బయట అంతమంది రోగులు కాచుకుని ఉన్నా, ఇదంతా రెండుసార్లు విడమరిచి చెప్పాడు.

చెంగమ్మ ఒక్క మాట కూడా మరిచిపోలేదు. మొగుడు గొర్రెల వెంట పోతే, బిళ్లలు కొంగున కట్టుకుని తనూ పోయేది. ఆయన సంగటి ముద్ద మింగి జేబు తడుముకునే వేళకు బిళ్ల సిద్ధం చేసేది. ఆయన దాన్ని బుగ్గన పెట్టుకుని బుద్ధిగా కూర్చునేవాడు. అరగంటకే మళ్లీ బీడీ మీదికి మనసు లాగేది. బండ చాటుకు పోయి బీడీ ముట్టించుకుని, దగ్గుతూ ఏడ్చేవాడు. మానాలని లేక కాదు పాపం, వల్ల కాక.

చెంగమ్మ కూడా మునుపటి మనిషిలా లేదు. మొదటి వారమంతా ఒకటే ఎక్కిళ్లు, తల తిరగడం. "మొగుడి మీద బెంగతో ఇట్లయిపోతాండాది" అని పక్కింటి రామక్క జాలిపడింది. ఒకసారి బస్సులు తిరగక రెండు రోజులు బిళ్లలు అందలేదు. ఆ రెండు రోజులూ చెంగమ్మ అయినదానికీ కానిదానికీ అందరి మీదా విరుచుకుపడింది. గొర్రెలను కూడా వదల్లేదు.

"దినానికి ఎన్ని బిళ్లలు వేసుకుంటాండాడు?" అని డాక్టర్ ఆమెనడిగాడు.

"పది సార్. నేనే దగ్గరుండి ఇస్తాండా. ఒకటి గూడా తప్పలేదు."

డాక్టర్‌కు అంతుపట్టలేదు. ఇదే మందుతో పుంగనూరు లారీ డ్రైవరొకడు, కుప్పం మాస్టారొకాయన సిగరెట్లు మానేశారు.

"ఘాటు తగులుతాందా గంగులయ్యా?"

"యాడ సార్! సప్పగా ఉండాది."

"ఈ మందు చప్పగా ఉందన్నవాడివి నువ్వొక్కడివేనప్పా!"

గంగులయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా రాత అట్లుండాది సార్. అందరికీ పనిచేసే మందు నాకే చెయ్యదు. ఈ బీడీ నన్ను తీసుకునే పోతాది."

డాక్టర్‌కు కోపం పోయి భయం పట్టుకుంది. ఇంతకంటే ఇవ్వడానికి ఆయన దగ్గర వేరే మందేమీ లేదు.

"సరే, నా ముందర ఒకటి వేసుకో. ఎట్లా నమలతావో సూస్తా."

గంగులయ్య చెంగమ్మ ముందు చెయ్యి చాపాడు. చెంగమ్మ కొంగుముడి విప్పి బిళ్ల తీసింది. సిగ్గుతో నేల చూపులు చూసింది.

"ఎంగిలని ఎవురికీ చెప్పలేదు సార్... ఒక్క పన్నూ లేని మనిషి గదా, ఇన్ని దినాలూ ప్రతి బిళ్లా నేనే మెత్తగా నమిలి ఇస్తాండా."