ఫొటో ముందు రమ్ము గ్లాసు

తండ్రి పెద్దకర్మ రోజున పొరుగింటి డూలన్ రమ్ము సీసాతో వచ్చి, గ్లాసు నింపి ముసలాయన ఫొటో ముందు పెట్టేసరికి శివనంద్‌కి ఒళ్లు మండింది. ఐర్లండు నుంచి వలసొచ్చిన కూలీలకు పుట్టి, జన్మంతా సిడ్నీ రోడ్లకు తారు పోసిన మనిషికి మర్యాదలేం తెలుస్తాయి!

"కర్మ జరిగే ఇంట్లో మందా? తీసెయ్!"

"మా నాన్న పోయినప్పుడు మా అమ్మ ఇలాగే పోసింది, మేట్," అంటూ డూలన్ గ్లాసు తియ్యబోయాడు.

"కూలోడి కొడుకు బుద్ధులు!" తెలుగులో గొణిగాడు శివనంద్.

తల్లి ఇందిర డూలన్ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఫీజీలో కూలీగా చెరకు నరికిన మీ నాన్న, తనలాగే కూలీ అయిన మీ తాత తద్దినానికి ఏటా ఇలాగే పెట్టేవాడురా, మరిచిపోయావా? నీకు ఆఫీసు ఉద్యోగం వచ్చాక, నువ్వు సిగ్గుపడతావని మానేశాడు."

ఇందిర గ్లాసును ఫొటోకి ఇంకాస్త దగ్గరగా జరిపింది.

"ఇది కూలోడి కొడుకు చెయ్యాల్సిన పనే. నువ్వు చెయ్యలేదు, డూలన్ చేశాడు."